పూర్ణా మార్కెట్ సందులో ఎన్ని వాహనాలు?

శిక్షణ మొదటి రోజు తెర మీద ఒక ఫోటో చూపించాను. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ సందు, ఉదయం ఏడు గంటల వేళ. "ఇందులో ఎన్ని వాహనాలున్నాయో రాయండి" అన్నాను. ఎదురుగా 22 మంది ఉన్నారు. పట్టణ ప్రణాళిక, ఇంజినీరింగ్, పారిశుద్ధ్యం, ట్రాఫిక్ వంటి విభాగాల్లో పనిచేసేవారు. ఎక్కువ మంది నాలుగు అని రాశారు: రెండు ఆటోలు, ఒక వ్యాను, ఒక స్కూటరు. ఫోటో నడిమధ్యన అరటి గెలలు వేసుకున్న సామాన్ల రిక్షాలు మూడున్నాయి. పాల క్యాన్లు వేలాడుతున్న సైకిలు ఒకటుంది. వాటిని కూడా లెక్కపెట్టినవారు ఇద్దరే.

నగరంలో సరుకు రవాణాకు కార్గో సైకిళ్లను ప్రోత్సహించడం ఎలాగో అధికారులకు నేర్పాలన్నది నేను ఒప్పుకున్న పని. మూడు రోజుల పాఠాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. వాటిలో మొదటి పూటంతా యూరప్ బొమ్మలే. ముందు భాగంలో సరుకు పెట్టుకునే 1920ల నాటి పొడవాటి డెన్మార్క్ లాంగ్ జాన్ సైకిలు, కోపెన్‌హాగెన్‌లో 1984లో పుట్టిన క్రిస్టియానియా మూడు చక్రాల పెట్టె బండి, నెదర్లాండ్స్‌లో పిల్లలను బడికి తీసుకెళ్లే తల్లులు. యూరప్ నగరాల్లో సరుకుతో కూడిన మోటారు ప్రయాణాల్లో 51 శాతం సైకిళ్ల మీదికి మారవచ్చని సైకిళ్ల మీద సరుకు రవాణాను ప్రోత్సహించే అక్కడి సైకిల్‌లాజిస్టిక్స్ ప్రాజెక్టు వేసిన లెక్క కూడా చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. టీ విరామంలో ఒక ఇంజినీరు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, అక్కడ నేల చదును. మన పాండురంగాపురం డౌన్ ఎక్కుతుందా ఆ బండి?" అని అడిగారు.

ఆ డౌన్ అంటే బీచ్ రోడ్డు వైపు దిగే ఏటవాలు రోడ్డు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర దానికి బొమ్మ లేదు. అంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటి. వాళ్లు ఫోటోలో రిక్షాను చూడలేదని అనుకున్నానే, నా పాఠాల్లో మాత్రం అదెక్కడుంది? ఆ సాయంత్రమే రెండో రోజు పాఠమంతా పక్కన పెట్టేశాను. మర్నాడు ఉదయం ఐదు గంటలకు అందరూ జ్ఞానాపురం కూరగాయల మార్కెట్ దగ్గరికి రావాలని ఫోన్లు చేశాను. 17 మంది వచ్చారు.

అక్కడ మాకు పాఠం చెప్పింది అరవై ఏళ్లు దాటిన ఒక రిక్షా పెద్దాయన. జ్ఞానాపురంలో బస్తాలు ఎక్కించుకుని జగదాంబ వైపు హోటళ్లకు వేస్తారు. ముందు రోజు సాయంత్రమే వెళ్లి మాట్లాడి వచ్చాను. ఆయన ముందుగా బస్తాలు పేర్చడం చూపించారు. "బరువు ఇరుసు మీద ఉండాలి బాబూ, కాస్త ముందుకు. వెనక్కి పడిందంటే ముందు చక్రం లేచిపోతుంది." ట్రాఫిక్ విభాగం నుంచి వచ్చినాయన మూడు ఉల్లి బస్తాలతో బండి తొక్కారు. వంద గజాలు వెళ్లేసరికి చొక్కా తడిసిపోయింది. ఆగారు, దిగారు, బండి చుట్టూ తిరిగి చూశారు. గేర్లు లేవు. బ్రేకు ముందు చక్రానికొక్కదానికే. "ఇంత బరువుతో డౌన్ ఎలా దిగుతారు?" అని అడిగారు. "దిగి, వెనక్కి లాగి పట్టుకుని నడుస్తాను సార్" అన్నారు పెద్దాయన. ఎక్కేటప్పుడు కలిగే అలసట గురించే నేను ఆలోచించాను గానీ, దిగేటప్పుడు ఉండే ప్రమాదం నాకు తట్టలేదు.

దారిలో మురుగు కాలువ మీద ఇనుప జల్లెడ ఒకటి వచ్చింది. దాని కడ్డీలు రోడ్డు పొడవునే ఉన్నాయి. సన్నటి ముందు చక్రం ఆ సందులో దిగుతుందని పెద్దాయన అలవాటుగా బండిని రోడ్డు మధ్యకు తిప్పారు. వెనక ఆటో హారన్ మోగింది. నిన్న ప్రశ్న అడిగిన ఇంజినీరు అక్కడే ఆగిపోయి, జల్లెడ పక్కన కూర్చుని చేత్తో కడ్డీల మధ్య దూరం కొలిచారు. ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దెక్కాక బీచ్ రోడ్డుకు వెళ్లాము. అద్దెకు తెచ్చిన బ్యాటరీ కార్గో సైకిలు అక్కడ సిద్ధంగా ఉంది: మూడు చక్రాలు, గేర్లు, చక్రానికొక డిస్క్ బ్రేకు. వంద కిలోల బంగాళాదుంపలు వేసి పాండురంగాపురం డౌన్ ఎక్కించాము. మోటారు ఆపి తొక్కితే కొద్ది దూరంలోనే నిలిచిపోయింది. మోటారు వేస్తే, పరుగు తీసే మనిషి వేగంతో పైదాకా వెళ్లింది. దిగేటప్పుడు రెండు సార్లు ఆపి చూపించమన్నారు. రెండు సార్లూ ఆగింది. తరవాత పెద్దాయన ఎక్కారు. పైకి వెళ్లి, తిరిగి వచ్చి, బ్రేకు మీట మీద నుంచి చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది చట్టం. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించకపోతే కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది మోటారు వాహనం కాదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించిన మూడు చక్రాల ఈ-కార్ట్‌కు రిజిస్ట్రేషన్, లైసెన్సు రెండూ కావాలి. రోడ్డు మీద నిలబడే ఉద్యోగికి ఈ గీత తెలియకపోతే ఒక పేదవాడి బండి అన్యాయంగా స్టేషనుకు చేరుతుంది. అందుకే దీన్ని కాగితం మీద వదలదలచుకోలేదు. బ్యాటరీ తీసి బండిని కాటా ఎక్కించాము. 58 కిలోలు తూగింది. పెట్టెకు ఇనుము బదులు చెక్క వాడింది ఎందుకో అప్పుడు అందరికీ అర్థమైంది.

మూడో రోజు మళ్లీ హాలు. 2018లో బెర్లిన్‌లో ఐదు పార్సెల్ సంస్థలు ఒకే ఆవరణలో సరుకు దించుకుని, అక్కడి నుంచి కార్గో సైకిళ్ల మీద ఇళ్లకు చేర్చిన సంగతి చెప్పాను. ప్రణాళిక విభాగం నుంచి వచ్చిన ఆమె వెంటనే, "ఆ ఆవరణ మనకు ఉంది కదా. లారీలు జ్ఞానాపురంలో దించుతాయి, రిక్షాలు పంచుతాయి" అన్నారు. మొదటి రోజు వాడిపోయి పడిన నా యూరప్ పాఠం అలా ఆమె నోట ప్రాణం పోసుకుంది.

పై అధికారుల అనుమతి అక్కర్లేకుండా తమ కుర్చీలోంచే చేయగలిగిన పని ఒక్కటి రాయమన్నాను. ఇంజినీరు ఒక్క మాటే రాశారు: జల్లెడ. తన పరిధిలో మార్చబోయే ప్రతి జల్లెడ కడ్డీలూ రోడ్డుకు అడ్డంగా ఉండేలా చూస్తానన్నారు. మరొకరు మార్కెట్ దగ్గర సరుకు దించే చోటుకు గీతలు గీయిస్తానని రాశారు. ఉప్పు గాలికి చైన్లు తుప్పు పడతాయి కాబట్టి బండ్లకు నీడ, కప్పు కావాలని ఇంకొకరు రాశారు. వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి కాబట్టి, ఈ మాటలన్నీ ముందు అక్కడ పెట్టాలని పారిశుద్ధ్య విభాగం వారు గుర్తుచేశారు.

చివర్లో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. పెద్దాయనకు ఆ ఉదయం కిరాయి ఇచ్చి పంపితే చాలని మా నిర్వాహకులు అన్నారు. కుదరదన్నాను. ఆయన చెప్పింది పాఠం, నాకు ఎంత ఇస్తే ఆయనకూ అంతే ఇవ్వాలి. రెండు రోజులు పట్టింది, కానీ ఒప్పుకున్నారు. ఓచరులో 'శిక్షకుడు' అని ఉన్న చోట ఆయన తీరుబడిగా, అక్షరం అక్షరం పేర్చుకుంటూ సంతకం పెట్టారు. కాగితం నా చేతికిస్తూ, "మళ్లీ ఎప్పుడమ్మా? ఈసారి నాలుగున్నరకే రమ్మనండి, లారీలు అప్పుడే వస్తాయి" అన్నారు.