హోంవర్కు తెలుగులో

మావాడు సైన్సంతా ఇంగ్లీషులోనే చదువుతాడు. బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి నాకు తెలుగులో చెప్పాలన్నది మా ఇద్దరి ఒప్పందం. చెప్పగలిగితేనే అర్థమైనట్టు అని నేనంటాను. "తెలుగు నేర్పడానికి నా హోంవర్కు వాడుకుంటున్నావ్" అని వాడంటాడు. రెండూ నిజమే.

ఈసారి నాడీకణాలు. "నరాల్లో కరెంటు పోతుందమ్మా, వైర్లో పోయినట్టు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు. వైర్లో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. నరం కథ వేరు. నాడీకణం ఊరికే ఉన్నప్పుడు దాని పొర లోపలివైపు బయటికంటే దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఆ తేడా చెదిరిపోకుండా పొరలోని పంపులు మూడు సోడియం అయాన్లను (అంటే విద్యుదావేశమున్న పరమాణువుల్ని) బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూనే ఉంటాయి. ఏదైనా ప్రేరణ తగిలి వోల్టేజి మైనస్ 55 మిల్లీవోల్టుల దరిదాపులకు వచ్చిందా, సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది. లోపలివైపు క్షణకాలం ప్లస్ అవుతుంది. ఆ వెంటనే ద్వారాలు మూసుకుపోయి, పొటాషియం బయటికి వెళ్లి, అంతా సర్దుకుంటుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని.

అయాన్లు దాటేది పొరను మాత్రమే. నరం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తవు. పక్క భాగాన్ని లేపుతాయి, అది ఆ పక్కదాన్ని లేపుతుంది. "స్టేడియంలో జనం వరసగా లేచి కూర్చుంటే అల తిరుగుతుంది కదా, అలాగా?" అన్నాడు, తెలుగులోనే. నేనైతే అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

తర్వాత వేగం. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద కొలిస్తే సెకనుకు 27 మీటర్ల చుట్టుపక్కల వచ్చింది. మనుషుల్లో మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావుపాటి నరాల తంతువుల్లో ఇది 120 మీటర్ల దాకా పోతుంది. తొడుగులేని సన్నటి నొప్పి తంతువుల్లో ఒక మీటరు అటూ ఇటూ. కాలి బొటనవేలు గుమ్మానికి కొట్టుకుంటే ముందు చురుక్కుమని, కాసేపాగి సలుపు మొదలయ్యేది ఇందుకే. మావాడికి ఇదే తెగ నచ్చింది.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. గట్టిగా తాకినా మెల్లగా తాకినా ఒక తంతువులో ఒక్కో సంకేతం సైజు మారదు. ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు. తాకిడి పెరిగితే సంకేతాలు మరింత వెంటవెంటనే వస్తాయి. 1920లలో బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్గార్ ఏడ్రియన్ ఒక్కొక్క తంతువునూ పరిశీలించి దీన్ని చూపించాడు. సైన్సును లాక్కొచ్చి పిల్లల పెంపకానికి అంటించడం నాకు పడదు. అయినా, ఎప్పుడో ఒకసారి "మాతృభాష మర్చిపోతున్నావ్" అని గంటసేపు క్లాసు పీకే పెద్దల్ని చూసినప్పుడు ఏడ్రియన్ గుర్తొస్తాడు. రోజూ ఓ పది నిమిషాలు మాట్లాడితే పోయేదానికి!

ఇక రెండు కణాల మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. అక్కడ చాలావరకు పని రసాయనాలది. వాటిలో కొన్ని అవతలి కణాన్ని లేపితే, కొన్ని ఆపుతాయి. ఆపడం కూడా పనే అన్నది మావాడికి వింతగా తోచింది. నాకు తోచలేదు. రెండు భాషలు తెలిసినవాళ్లు ఒకదానిలో మాట్లాడుతున్నా మెదడులో రెండోది మేలుకునే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. నేను తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబిచ్చినప్పుడు దాన్ని బద్ధకం అనుకోను.

వాడి చెల్లెలి విషయంలో మాత్రం నేను పట్టుదలగానే ఉన్నాను. అదింకా పాకుతోంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని ట, త ల తేడాను చాలావరకు పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామందికి అది తగ్గిపోయింది. అందుకే చెల్లితో తెలుగే మాట్లాడమని వాడికి చెప్పాను.

"మరి దానికి ఇంగ్లీషెవరు నేర్పుతారు?" అన్నాడు, ఇంగ్లీషులో.