సుగ్గికి వెళ్లిన రోగి, పబ్‌మెడ్‌లో దొరకని వ్యాసం

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల నుంచి వానలు మొహం చాటేసిన ఏడాదుల్లో ఎన్నో కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకుని, మిర్చి కోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్తాయి. అలా వెళ్లినవారిలో క్షయ మందులు వాడుతున్నవారు ఉంటే, సాధారణంగా ఆరు నెలలు సాగవలసిన చికిత్స మధ్యలో ఎందుకు తెగిపోతుందన్నది ఇక్కడి సామాజిక వైద్య విభాగాల్లో, నర్సింగ్ కళాశాలల్లో పీజీ చేస్తున్నవారు ఎంచుకోదగిన మంచి పరిశోధనాంశం. ఎంతమంది మందులు మానేశారో రిజిస్టరు చెబుతుంది. మేస్త్రీకి తెలిస్తే పని పోతుందని భయపడ్డారా, మాత్రలు వేసుకున్న రోజు ఎండలో వంగి పని చేయలేకపోయారా, కొత్త ఊరిలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియలేదా అన్న సంగతులు మాత్రం, వారి దగ్గర కూర్చుని మాట్లాడి రాసిన గుణాత్మక అధ్యయనాల్లోనే దొరుకుతాయి. అటువంటివి ఇంతకుముందు ఎవరు, ఎక్కడ చేశారో ఆరోగ్య డేటాబేస్‌లలో వెతకడం గురించి, పరిశోధక విద్యార్థులకు ఆ పనిలో తోడ్పడే వ్యక్తిగా నా అభిప్రాయాలు ఇక్కడ రాస్తున్నాను.

మొదట చెప్పవలసినది ఏమిటంటే, ఒక మందును మరొక మందుతో పోల్చిన ప్రయోగాన్ని వెతికినంత సులువుగా ఈ అధ్యయనాలు చిక్కవు. చికిత్సా ప్రయోగాలు చేసేవారు శీర్షికలోనే ఆ మాట రాస్తారు, వైద్య వ్యాసాలను ఉచితంగా వెతికే డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో వాటికి ప్రత్యేకమైన ప్రచురణ రకం ఉంది, ఒక్క గుర్తు పెడితే మిగిలినవి పక్కకు తప్పుకుంటాయి. గుణాత్మక అధ్యయనం రాసేవారిలో చాలామంది రోగి అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య శీర్షికగా పెట్టడానికి ఇష్టపడతారు. చదివేవారికి అది బాగుంటుంది గానీ వెతికేవారికి పనికిరాదు, ఎందుకంటే ఆ శీర్షికలో జబ్బు పేరు గానీ, పద్ధతి పేరు గానీ, ఊరి పేరు గానీ ఉండకపోవచ్చు. సారాంశంలో కూడా కొందరు ‘ఇరవై మందితో మాట్లాడాం’ అన్నంతవరకే రాసి, అది ఏ రకం పరిశోధనో చెప్పకుండా వదిలేస్తారు.

దీనికి తోడు విషయసూచికల సమస్య ఉంది. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే మెడ్‌లైన్ అనే వ్యాసాల సూచీలో ప్రతి వ్యాసానికీ మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్ అనే నియమిత పదజాలం నుంచి కొన్ని పదాలు తగిలిస్తారు. దీనినే అందరూ మెష్ అంటారు. ఆ పదజాలంలో ‘క్వాలిటేటివ్ రీసెర్చ్’ (గుణాత్మక పరిశోధన) అనే విషయ శీర్షిక 2003లో గానీ చేరలేదు. నర్సింగ్ సాహిత్యానికి ప్రత్యేకించిన సినాల్ డేటాబేస్‌లో ‘క్వాలిటేటివ్ స్టడీస్’ అన్న శీర్షిక 1988 నుంచే ఉంది. నర్సింగ్ పరిశోధకులకు ఈ పద్ధతులు ముందునుంచీ దగ్గరివి కావడం అందుకు కారణమని నేననుకుంటాను. 2003కు ముందు మెడ్‌లైన్‌లో చేరిన వ్యాసాలను ఆ ఒక్క మెష్ పదంతో వెతికితే అవి దాదాపుగా కనిపించవు. ‘ఫోకస్ గ్రూప్స్’, ‘నర్సింగ్ మెథడాలజీ రీసెర్చ్’ వంటి శీర్షికల కింద వెతుక్కోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పబ్‌మెడ్, మెడ్‌లైన్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. పూర్తి వ్యాసాలను ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా వచ్చి చేరిన వ్యాసాలు పబ్‌మెడ్‌లో ఉంటాయి గానీ, ఆ పత్రిక మెడ్‌లైన్‌లో లేకపోతే వాటికి మెష్ పదాలే ఉండవు. మన దేశం నుంచి వచ్చే పత్రికల్లో ఈ కోవకు చెందినవి ఉన్నాయి కాబట్టి, మెష్ పదాలు మాత్రమే వాడి వెతికిన విద్యార్థికి ఎక్కడో దూరదేశపు అధ్యయనం దొరికి, పక్క జిల్లా అధ్యయనం దొరకకుండా పోయే అవకాశం ఉంది.

అందువల్ల మెష్ పదాలతో పాటు శీర్షికలో, సారాంశంలో వచ్చే మామూలు మాటలతోనూ వెతకక తప్పదు. 2004లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడ్‌లైన్ కోసం పరీక్షించి చూపిన వడపోతల్లో, అంటే వెతికే పదాల సిద్ధ కూర్పుల్లో, ‘ఇంటర్వ్యూ’, ‘ఎక్స్‌పీరియన్స్’, ‘క్వాలిటేటివ్’ అన్న మూడు మాటలే ముఖ్యమైనవి. (డేటాబేస్‌లో వీటిని ఆంగ్ల లిపిలోనే టైపు చేయాలని వేరే చెప్పనక్కరలేదు.) ఈ మూడు మాటలూ చాలా పట్టుకొస్తాయి, అక్కరలేనివి కూడా అంతే ధారాళంగా తెస్తాయి. ‘ఎక్స్‌పీరియన్స్’ అని కొడితే, తమ ఆసుపత్రిలో చేసిన ఆపరేషన్ల అనుభవాన్ని శస్త్రవైద్యులు రాసుకున్న నివేదికలు వరుస కడతాయి. ‘క్వాలిటేటివ్’ అని కొడితే, ఏదో ఆకు రసంలో ఏ రసాయనాలున్నాయో పరీక్షించిన వ్యాసాలు వస్తాయి. ‘నేరేటివ్’ అన్న మాటకు సమీక్షా వ్యాసాలు వెంటపడతాయి. ‘థీమాటిక్ అనాలిసిస్’, ‘గ్రౌండెడ్ థియరీ’, ‘ఇన్‌డెప్త్ ఇంటర్వ్యూ’, ‘పర్పసివ్ శాంపిలింగ్’, ‘లివ్డ్ ఎక్స్‌పీరియన్స్’ వంటి జంట పదాలు అంత అల్లరి చేయవు. ‘ఫినామినాలజీ’, ‘ఎత్నోగ్రఫీ’ వంటి వాటికి పదం మూలం వరకు రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాంతరాలన్నీ వస్తాయి.

ఎంత పొట్టు వస్తుందో తెలుసుకోవడానికి 2004లోనే వచ్చిన మరొక అధ్యయనం ఉపయోగపడుతుంది. తల్లిపాలు పట్టడానికి అందే తోడ్పాటు అనే విషయం మీద గుణాత్మక అధ్యయనాలను ఆరు డేటాబేస్‌లలో, మూడు రకాల వ్యూహాలతో వెతికితే మొత్తం 7,420 రికార్డులు వచ్చాయి, వాటిలో పనికొచ్చేవి 262 మాత్రమే. అంటే చేటలో పోసి చెరిగిన వందలో తొంభై ఆరు పొట్టే. అయినా ఏ ఒక్క వ్యూహాన్ని వదిలేసినా కొన్ని గింజలు జారిపోయేవే. ఈ లెక్కను నేను విద్యార్థులకు ముందుగానే చూపిస్తాను, ఎందుకంటే మొదటి రోజు రెండు వేల రికార్డులు తెరమీదకు రాగానే, తాము ఏదో తప్పు చేశామని భయపడి, సంఖ్య రెండు వందలకు దిగేదాకా పదాలు జోడిస్తూ పోవడం వారికి సహజంగా తోచే పని. ఈ తరహా పరిశోధనలో ఎక్కువ రికార్డులు రావడం తప్పు కాదు, శీర్షికలు చదువుతూ కూర్చోవడం కూడా శోధనలో భాగమే.

ప్రశ్నను విడగొట్టే తీరు గురించి కొంచెం చెప్పాలి. వైద్య విద్యార్థులందరికీ నేర్పే పైకో చట్రంలో రోగి, చికిత్స, పోలిక, ఫలితం అనే నాలుగు గదులుంటాయి. సుగ్గికి వెళ్లినవారు మందులు ఎందుకు మానేశారన్న ప్రశ్నకు పోలిక అనే గదిలో పెట్టడానికి ఏమీ ఉండదు, ఫలితం అనే గదిలో పెట్టినది సరిగ్గా అమరదు. అందుకని 2012లో స్పైడర్ అనే చట్రాన్ని ప్రతిపాదించారు. అందులో ఎవరిని అడిగారు, ఏ అనుభవం గురించి, ఏ రూపకల్పనతో, ఏం అంచనా వేశారు, అది ఏ రకం పరిశోధన అన్నవి గదులు. ఆలోచనను చక్కదిద్దుకోవడానికి అది మంచిదే. అయితే 2014లో ఈ చట్రాలను పోల్చి చూసినప్పుడు, స్పైడర్‌తో వచ్చిన రికార్డులు తక్కువగా ఉన్నా, కావలసిన వ్యాసాలు కూడా కొన్ని దానికి చిక్కకుండా పోయాయి. అన్ని గదుల్లోనూ పదాలు నింపి, అన్నీ ఒకేసారి ఉండాలని షరతు పెట్టడమే అందుకు కారణం. నా సలహా ఏమిటంటే స్పైడర్‌ను కాగితం మీద వాడుకోవాలి, డేటాబేస్‌లో మాత్రం జబ్బు, అనుభవం, పద్ధతి అనే మూడు గుంపులకు మించి పెట్టకూడదు.

క్షయ విషయంలో ఆ గుంపులు ఎలా ఉంటాయో చూద్దాం. మొదటి గుంపులో చిక్కేమీ లేదు. రెండవ గుంపులో మాత్రం కాలంతో మారిన మాటలన్నీ చేర్చాలి. మందులు మధ్యలో ఆపినవారిని ఒకప్పుడు ‘డిఫాల్టర్’ అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో నిర్వచనాలు సవరించినప్పటినుంచి ‘లాస్ట్ టు ఫాలో అప్’ అంటున్నారు. మెష్‌లో ‘మెడికేషన్ అడ్హెరెన్స్’ 2009లో వచ్చింది, అంతకుముందు వ్యాసాలు ‘పేషెంట్ కంప్లయన్స్’ కింద ఉంటాయి. మన దేశపు కార్యక్రమం పేరు కూడా 2020లో మారి, సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం కాస్తా జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం అయింది. ఆర్ఎన్టీసీపీ, ఎన్టీఈపీ అనే రెండు పొట్టి పేర్లూ వెతకాలి. వలస కోసం ‘మైగ్రెంట్’, ‘సీజనల్ లేబర్’ అన్నవి, మెష్‌లో ‘ట్రాన్సియెంట్స్ అండ్ మైగ్రెంట్స్’ అన్నది ఉన్నాయి. మూడవ గుంపు పైన చెప్పిన పద్ధతుల మాటలు. ఒక్కో గుంపులోని పదాల మధ్య, ఏ ఒక్కటి ఉన్నా చాలు అనే ఆర్, గుంపుల మధ్య, అన్నీ ఉండాలి అనే ఆండ్, రెండూ ఆంగ్ల పెద్ద అక్షరాల్లో రాయాలి. ‘మిక్స్‌డ్ మెథడ్స్’ అన్న మాటను మూడవ గుంపులో తప్పక కలపాలి, ఎందుకంటే మన దేశపు క్షయ పరిశోధనల్లో రిజిస్టరు లెక్కలకు కొద్దిపాటి ఇంటర్వ్యూలను జతచేసిన అధ్యయనాలు తరచుగా కనిపిస్తాయి, వాటి గుణాత్మక భాగం సారాంశం చివర ఒక్క వాక్యంలో ఇరుక్కుని ఉంటుంది.

ఊరి పేరు పెట్టి వెతకడం మన విద్యార్థులందరికీ ఇష్టమైన పని, నాకు మాత్రం అంతగా ఇష్టం లేదు. పబ్‌మెడ్‌లో ఏ గుర్తూ లేకుండా ‘కర్నూల్’ అని టైపు చేస్తే, అది రచయితల చిరునామాల్లో కూడా వెతుకుతుంది. కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసేవారు ఏ విషయం మీద రాసినా ఆ వ్యాసం వచ్చి కూర్చుంటుంది. అనంతపురం పేరు కొడితే బత్తలపల్లి ఆసుపత్రి నుంచి వెలువడిన హెచ్‌ఐవీ, క్షయ వ్యాసాలు కనిపిస్తాయి. అవి విలువైనవే గానీ వాటిలో ఎక్కువ భాగం లెక్కల అధ్యయనాలు. శీర్షిక, సారాంశాలకే పరిమితం చేసే గుర్తు పెడితే ఈ గొడవ తగ్గుతుంది. తగ్గాక రాతల గొడవ మొదలవుతుంది. కడపను 2005 దాకా ఆంగ్లంలో రాసిన తీరు వేరు, తర్వాత రాసే తీరు వేరు, వైఎస్సార్ జిల్లా అన్న పేరు ఇంకొకటి. అనంతపురానికి రెండు మూడు వర్ణక్రమాలున్నాయి. 2022 ఏప్రిల్‌కు ముందు ఆళ్లగడ్డలో చేసిన అధ్యయనం కర్నూలు జిల్లాదని ఉంటుంది, తర్వాత చేసినది నంద్యాల జిల్లాది. హిందూపురం సంగతీ అంతే. 2014కు ముందు ఆంధ్రప్రదేశ్ అని రాసిన వ్యాసం మహబూబ్‌నగర్‌దో వరంగల్‌దో కావచ్చు. ఇన్ని తిప్పలు పడ్డా, ‘దక్షిణ భారతంలోని ఒక గ్రామీణ జిల్లా’ అని రాసి ఊరుకున్న రచయిత చిక్కడు. కాబట్టి మొదటి శోధనలో స్థలాన్ని అసలు పెట్టవద్దని, వచ్చిన వ్యాసాలను చదివేటప్పుడు స్థలాన్ని గుర్తించి వేరు చేసుకోమని చెబుతాను. ఇథియోపియాలోనో దక్షిణాఫ్రికాలోనో క్షయ రోగి చెప్పిన కారణం కోసిగి రోగి చెప్పేదానికి దగ్గరగా ఉండవచ్చు.

ఇలా వేర్వేరు దేశాల రోగుల మాటలను కలిపి చూసినవారు ఉన్నారు. క్షయ చికిత్స కొనసాగింపు మీద వచ్చిన గుణాత్మక అధ్యయనాలను ఒకచోట చేర్చి 2007లో ప్లాస్ మెడిసిన్ ఒక సమీక్ష ప్రచురించింది. దానికోసం 19 డేటాబేస్‌లు వెతికి, 7,814 రికార్డులు పరిశీలించి, చివరకు 44 వ్యాసాలు తీసుకున్నారు. ఈ విషయం మీద పనిచేసే విద్యార్థి తన శోధన సరిగా ఉందో లేదో పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. ఆ 44లో పబ్‌మెడ్‌లో ఉన్నవాటిని ముందుగా జాబితా రాసుకుని, తన శోధన వాటిని పట్టుకొస్తున్నదో లేదో చూసుకోవాలి. రానివి ఎందుకు రాలేదో వాటి సారాంశాలు చదివితే తెలుస్తుంది, ఆ కొత్త మాటలు గుంపుల్లో చేర్చుకోవచ్చు. ఏ విషయంపై అయినా ఇలా ముందే తెలిసిన పది వ్యాసాలు చేతిలో ఉంచుకుని శోధనను దిద్దుకోవడం, ఎవరో తయారుచేసిన వడపోతను గుడ్డిగా అతికించుకోవడం కన్నా మేలని నా గట్టి నమ్మకం.

డేటాబేస్ దగ్గరే ఆగిపోవడం కూడా సరికాదు. ఆరోగ్య సేవల్లో కొత్త పద్ధతులు ఎలా వ్యాపిస్తాయన్న సంక్లిష్టమైన సమీక్ష చేసిన ఇద్దరు పరిశోధకులు, తమకు ఆధారాలు ఎక్కడెక్కడ దొరికాయో 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క చెప్పారు: ముందుగా నిర్ణయించుకున్న శోధన ద్వారా వచ్చినవి 30 శాతమే, ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి పాకుతూ పట్టుకున్నవి 51 శాతం, సొంత పరిచయాల వల్ల తెలిసినవి 24 శాతం. కొన్ని రెండు దారుల్లోనూ దొరికాయి కాబట్టి మొత్తం వందను దాటుతుంది. మంచి వ్యాసం ఒకటి దొరికితే దాని చివరి జాబితాను వెనక్కి, గూగుల్ స్కాలర్‌లో దాన్ని ఉదహరించినవారిని ముందుకు వెతకడం ఖర్చులేని పని. గూగుల్ స్కాలర్ ఏ శోధనకైనా మొదటి వెయ్యి ఫలితాలకు మించి చూపించదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఖర్చు అన్న మాట వచ్చింది కాబట్టి, సినాల్, ఎంబేస్, సైక్‌ఇన్ఫో అనే డేటాబేస్‌లు చందా కడితే గానీ తెరుచుకోవు, మన జిల్లాల్లోని ప్రైవేటు నర్సింగ్ కళాశాలల విద్యార్థులకు అవి అందుబాటులో ఉండడం అరుదు. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం వేల పత్రికలను తెరిచింది, అయితే అది ప్రభుత్వ సంస్థలవారికి. సినాల్ అందనివారు పబ్‌మెడ్‌ను లోతుగా వెతికి, దాని తర్వాత శోధ్‌గంగ చూడాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నిర్వహించే ఆ భాండాగారంలోని పీహెచ్‌డీ గ్రంథాల్లో, పత్రికా వ్యాసంలో పట్టని సుదీర్ఘ సంభాషణలు దొరుకుతాయి. ఎంఎస్సీ నర్సింగ్, ఎండీ సిద్ధాంత వ్యాసాలు చాలావరకు ఏ డేటాబేస్‌లోనూ చేరవు కాబట్టి, వాటికోసం కళాశాల గ్రంథాలయంలో బైండు చేసిన ప్రతులు తీసి చూడవలసిందే. ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌గా, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌గా మారింది గనుక, కేటలాగులో రెండు పేర్ల కిందా అడగాలి.

వెతికిన ప్రతిసారీ తేదీ, డేటాబేస్ పేరు, వాడిన పదాల వరుస యథాతథంగా, వచ్చిన రికార్డుల సంఖ్య ఒక పుస్తకంలో రాసుకోవాలి. గుణాత్మక సమీక్షల నివేదన కోసం 2012లో వచ్చిన ఎన్‌ట్రెక్ మార్గదర్శకాలు కూడా ఈ వివరాలే అడుగుతాయి, వైవా రోజున పరీక్షకులు కూడా ఇవే అడుగుతారు. అన్ని అధ్యయనాలూ వెతికి తీరాలని పెట్టుకున్నారా, లేక కొత్త కారణాలేవీ రాకుండా పోయేదాకా వెతికి ఆపారా అన్నది కూడా ఆ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉండాలి. రెండూ అంగీకరించదగిన పద్ధతులే. ఏది ఎంచుకున్నదీ శోధన మొదలుపెట్టక ముందే గైడుతో మాట్లాడి తేల్చుకుని రాసుకోవాలి.