అరువుకిచ్చిన డిఫెండర్

జనవరిలో ఒక రోజు ప్రాక్టీసు అయ్యాక కోచ్ పక్కకు పిలిచి, "లోన్ మీద షిల్లాంగ్ వెళ్తావా?" అని అడిగాడు. లోన్ అంటే, మన క్లబ్బు ఒప్పందం అలాగే ఉంచి, కొన్నాళ్ళు మరో ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడటం. అప్పటికి నాకు 20 ఏళ్ళు. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బుతో ఒప్పందం ఉంది, వెనక పేరున్న జెర్సీ ఉంది, సీనియర్ జట్టుకు ఆడిన నిమిషాలు మాత్రం సున్నా. ఐఎస్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఒకేసారి నలుగురు విదేశీయులను దించొచ్చు. వాళ్ళలో ఒకడు దాదాపు ఎప్పుడూ నాలాగే సెంటర్ బ్యాకే, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే ఇద్దరు డిఫెండర్లలో ఒకడు. మిగిలిన ఒక్క చోటా ముప్పై దాటిన సీనియర్ అన్నది. ఆ అన్నకు జ్వరమొస్తే బాగుండు అనుకునే దాకా వెళ్ళాను, అబద్ధమెందుకు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కంగారు పడింది. "లోనా? ఎవరు తీసుకున్నరు రా? ఎంత?" విషయం చెప్పేసరికి పక్కనుంచి నానమ్మ, "అంటే నిన్ను అరువుకిచ్చిన్రన్నట్టు. అరువు సొమ్ము బరువు చేటు బిడ్డా" అంది. తాత ఒక్కడే సంబరపడ్డాడు. మాది సికింద్రాబాద్. పాతకాలపు ఫుట్‌బాల్ హీరో తులసీదాస్ బలరాం పుట్టిన అమ్ముగూడ మాకు దగ్గరే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్, తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించడం, అతను గోల్ కొట్టడం, కొరియాను 2-1తో ఓడించడం మా ఇంట్లో రామాయణంతో సమానం. "కోచ్ ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడు" అన్నాడు తాత. అయిపోయింది.

కాగితాల పని రెండు రోజుల్లో ముగిసింది. రెండు క్లబ్బులూ, నేనూ కలిసి మూడు సంతకాలు. ఆ కాగితాన్ని మా సీనియర్ అన్నే (అదే, జ్వరం అన్న) లైను లైనుగా చదివించాడు. జీతంలో ఎవరి వాటా ఎంత, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఉందా? ఈ మూడూ చూడకుండా సంతకం పెట్టొద్దన్నాడు. లోన్ అంటే పాత క్లబ్బు మనల్ని మరిచిపోవడానికి దారి అని చాలామంది కుర్రాళ్ళు భయపడతారు. నాకూ ఆ టెన్షన్ ఉండేది. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి మాత్రం ఎవరు గుర్తు పెట్టుకుంటున్నారు?

గౌహతిలో దిగి, సుమోలో ఓ మూడు గంటలు కొండెక్కితే షిల్లాంగ్. బ్యాగులో ఒక్క స్వెట్టర్. సాయంత్రం ఐదుకల్లా చీకటి. అద్దెకు దిగిన ఇంటావిడను అందరూ 'కాంగ్' అని పిలిచేవారు, అక్కా అన్నట్టు. మొదటి రాత్రి ఆవిడ పెట్టిన జాదో, అంటే పంది మాంసంతో వండిన అన్నం, బిర్యానీ అనుకుని తిన్నాను. బిర్యానీ కాదు, కానీ రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

ఎస్‌ఎస్‌ఏ స్టేడియంలో గడ్డి లేదు, కృత్రిమ టర్ఫ్. నా పొడుగు స్టడ్ల బూట్లతో రెండు రోజులు ఆడి అరికాళ్ళు బొబ్బలెక్కించుకున్నాక పొట్టి స్టడ్లవి కొన్నాను. మూడు వారాలు బెంచీ. ఫిబ్రవరిలో అవకాశం వచ్చింది. 30వ నిమిషం ప్రాంతంలో అవతలి గోల్‌కీపర్ కొట్టిన పొడుగు కిక్ నా ముందు పడబోతోంది. ఒక బౌన్స్ పడనిచ్చి ఛాతీతో ఆపుదామనుకున్నాను. సికింద్రాబాద్‌లో మా బొల్లారం గ్రౌండులో అయితే ఆ బంతి సరిగ్గా ఛాతీకే వచ్చేది. ఇక్కడ టర్ఫ్ మీద పడి నా తల మీదుగా ఎగిరిపోయింది. వెనక ఘానా స్ట్రైకర్ ఉన్నాడన్న సంగతే నాకు తెలీదు. నేను తిరిగేసరికి బంతి నెట్లో ఉంది.

మర్నాడు వీడియో. తిడతారనుకున్నాను. అసిస్టెంట్ కోచ్ ఆ గోల్ జోలికే పోలేదు, అంతకు ముందు పది నిమిషాలు వేసి చూపించాడు. "నువ్వు వెనక్కి ఎన్నిసార్లు చూశావో లెక్కపెట్టు." నాలుగు. నా పక్కన ఆడే 33 ఏళ్ళ ఖాసీ అన్నవి లెక్కపెట్టమన్నాడు. నలభై దగ్గర ఆపేశాను. ఆయన మెడ గోడ గడియారం లోలకంలా ఊగుతూనే ఉంది. పరుగులో నాకంటే నిదానం, అయినా ఎప్పుడూ ముందే ఉండేవాడు. ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి ప్రాక్టీసు తర్వాత ఇరవై నిమిషాలు ఒకటే పని. అసిస్టెంట్ కోచ్ నా వెనక నిలబడి వేళ్ళు చూపిస్తాడు. ఎదురుగా పాస్ వస్తుంది. బంతి కాలికి తగిలేలోపు వెనక్కి చూసి, ఎన్ని వేళ్ళో అరవాలి. మొదటి వారం "మూడు" అని అరుస్తూ బంతిని వదిలేసేవాణ్ణి, లేదా బంతి ఆపి అంకె మింగేసేవాణ్ణి. ఛాతీని నేరుగా బంతికేసి పెట్టి నిలబడటం కూడా అప్పుడే మానాను. ఏటవాలుగా నిలబడితే బంతీ, మనిషీ ఒకే చూపులో పడతారు. రిజర్వ్ జట్టులో ఇవన్నీ చెప్పలేదా అంటే చెప్పారు. అక్కడ తప్పు చేస్తే గోల్ పడేదే కాదు, అందుకే ఎక్కలేదు.

ఇక మాట. డిఫెన్సులో నోరు మూసుకుని ఆడేవాడు సగం ఆటగాడే. నాకు ఖాసీ రాదు, మా కీపర్‌కు హిందీ అంతంతమాత్రం. రోజుకో మాట నేర్చుకున్నాను. 'వాన్' అంటే రా అని. కీపర్ "వాన్! వాన్!" అని అరిచినప్పుడల్లా ఒక్క క్షణం నా చూపు మబ్బుల వైపు పోయేది. షిల్లాంగులో అదీ నిజమే అయ్యేది చాలాసార్లు.

మార్చిలో అదే జట్టుతో మళ్ళీ మ్యాచ్, సన్నటి జల్లు. 80వ నిమిషం దాటాక వాళ్ళ మిడ్‌ఫీల్డర్ తల పైకెత్తాడు. నేను భుజం మీదుగా చూశాను. ఆ ఘానా స్ట్రైకర్ నా ఎడమ భుజం వెనక నక్కి ఉన్నాడు. "అప్!" అని అరిచాను. నలుగురం రెండడుగులు ముందుకేశాం. బంతి వెళ్ళేసరికి అతను మా నలుగురి వెనక మిగిలిపోయాడు. ఆఫ్‌సైడ్ అని లైన్స్‌మన్ జెండా లేచింది. హైలైట్స్‌లో ఆ ముక్క లేదు. ఖాసీ అన్న మాత్రం నా మెడ పట్టుకుని ఊపి, నవ్వి వెళ్ళిపోయాడు.

సీజన్ ముగిసేసరికి తొమ్మిది మ్యాచ్‌లు, మూడు ఎల్లో కార్డులు. జూలైలో ప్రీ-సీజన్‌కు రమ్మని పాత క్లబ్బు నుంచి మెయిల్ వచ్చింది. మళ్ళీ బెంచీయో, మరో లోనో, అప్పుడు తేలుతుంది. ఈలోగా బొల్లారంలో చిన్ననాటి జట్టుతో ఆడుతున్నాను. మొన్న లాంగ్ బాల్ వస్తుంటే, అలవాటులో మా కీపర్ తమ్ముడికి "వాన్!" అని కేకేశాను. వాడు గోల్ దగ్గరే నిలబడి ఆకాశంలోకి చూస్తూ, "ఎక్కడన్నా?" అన్నాడు.