మినీ కారు గడపలు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా 1979 మినీ 1000 ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని బ్రిటన్‌లో చూసే పరీక్ష) పాసైంది. ఆ కాగితం ఇంకా జేబులోనే ఉంది. కానీ ఇది రెండోసారి. మొదటిసారి ఎందుకు తప్పిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బర్మింగ్‌హామ్‌లో నాకు తెలిసిన ముగ్గురు తెలుగువాళ్లు పాత మినీ కోసం వెతుకుతున్నారు. వాళ్లు మోసపోకూడదు.

బండి తయారై 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయకపోతే బ్రిటన్‌లో ఎంఓటీ తప్పనిసరి కాదు. నాకు తెలుసు. అయినా చేయించాను. మీరూ చేయించండి. చట్టం వదిలేసినా తుప్పు వదలదు.

ఇంజిన్ పని సులువుగానే జరిగింది. 998 సీసీ ఇంజిన్ గట్టిగానే ఉంది. ఇంజిన్‌కు పెట్రోలూ గాలీ కలిపి అందించే ఎస్‌యూ కార్బ్యురేటర్ విప్పి కడిగి, అందులో పెట్రోలు పాళ్లు చూసే నీడిల్ మార్చి, ఇంజిన్ బలం కాస్త పెంచే స్టేజ్ వన్ కిట్ బిగించడం రెండు శనివారాల పని. ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసేసి 8.4 అంగుళాల డిస్కులు, వాటికి తగ్గ 12 అంగుళాల చక్రాలు వేశాను. 1984లో కంపెనీ తానే చేసిన మార్పు ఇది కాబట్టి సామాన్లు తేలిగ్గా దొరికాయి. ఇలాంటి మార్పులన్నీ బీమా వాళ్లకు ముందే చెప్పండి. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ ఆయిల్ ఒక్కటే, అది మార్చడంలో పిసినారితనం వద్దు.

ఇక అసలు కథ. తలుపుల కింద గడపలా ఉండే ఉక్కు పెట్టెను ఇక్కడ సిల్ అంటారు. మినీకి విడిగా చాసిస్ (కింది చట్రం) లేదు, బరువు మోసేది బాడీయే. మూడు మీటర్ల బండిలో నలుగురు కూర్చునేలా ఇంజిన్‌ను అడ్డంగా పెట్టిన డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌ను అందరూ పొగుడుతారు. ఆ నలుగురి బరువునూ మోసే గడపల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా బండికి రెండూ తుప్పు పట్టాయి. నాకు వెల్డింగ్ రాదు. దగ్గర్లోని ఒక బాడీ షాపుకి అప్పగించి 1,400 పౌండ్లు కట్టాను. మూడు వారాల తర్వాత బండి అద్దంలా మెరుస్తూ వచ్చింది.

అప్పుడు నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. ఆర్టీసీ డిపోలో 30 ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, గడప మీద వేలి కణుపుతో కొట్టారు. “ఒరేయ్, శబ్దం బాగాలేదు. రేకు ఇలా పలకదు” అన్నారు. “నాన్నా, ఇది ఆర్టీసీ బస్సు కాదు” అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు టెస్టింగ్ సెంటర్లో బండిని లిఫ్టు మీద ఎత్తారు. సీటు బెల్టు బిగించే చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపల తుప్పు బలంగా ఉంటే బండి తప్పినట్టే. కుర్ర టెస్టర్ చేతిలోని పనిముట్టుతో అక్కడ నొక్కాడు. పెళ్లున శబ్దం. అరచేతి మందాన పుట్టీ ఊడి నేల మీద పడింది. దాని వెనక కోళ్ల గూటికి కట్టే తీగ వల, దాని వెనక గోధుమ రంగు పొడి. పాత తుప్పు కోయకుండా, దాని మీదే వెడల్పాటి కొత్త రేకు కప్పి, పట్టని చోట వల పెట్టి, పుట్టీ మెత్తి, పైన నల్లటి తారు లాంటి పూత కొట్టారు. టెస్టర్ నన్ను ఏమీ అనలేదు. “ఇది ఎవరు చేశారు?” అని మాత్రం అడిగాడు. వెనక నాన్న నిలబడి ఉన్నారు. నాకు నోట మాట రాలేదు.

“గడప పుచ్చిన ఇంటికి రంగులు వేయించావురా” అని దారిలో నాన్న మెల్లగా అన్నారు. బండి ట్రైలర్ మీద వెనకాలే వచ్చింది.

షాపు వాళ్లు పైసా వెనక్కి ఇవ్వలేదు. “మీరు బాగా కనపడాలన్నారు, కనపడుతోంది కదా” అన్నారు. అది పని కాదు, దొంగతనం. ఆ బండిలో నా పిల్లలు కూర్చుంటారని వాళ్లకు తెలుసు. ఎవరికి పని ఇచ్చినా, పాత రేకు కోసేశాక ఒక ఫోటో, కొత్తది మూసే ముందు ఒక ఫోటో అడగండి. ఇవ్వనంటే బండి వెనక్కి తెచ్చుకోండి. కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. పుట్టీకి అది అంటుకోదు.

నాన్న ఊరికి వెళ్లిపోయాక సాయంత్రం క్లాసులో చేరి పది వారాలు మిగ్ వెల్డింగ్ (కరెంటుతో తీగ కరిగించి రేకులు అతికే పద్ధతి) నేర్చుకున్నాను. ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప కడ్డీ వెల్డ్ చేశాను. అది లేకుండా గడప కోస్తే బాడీ కుంగి, తలుపు మళ్లీ జన్మలో సరిగా పడదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకున్నాను. తుప్పంతా మెరిసే లోహం తగిలేదాకా కోశాను. రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ఒకే చోట వేడి నిలిస్తే చిల్లు పడుతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారనిచ్చి మళ్లీ. మొదటి వైపు నాలుగు వారాంతాలు, రెండోది రెండే. చివర్లో మళ్లీ తుప్పు పట్టకుండా గడపల లోపలికి మైనం కొట్టాను. నా అతుకులు ఆ షాపు పని కంటే నూరు రెట్లు మేలు. గర్వంగానే చెబుతున్నాను.

నిన్న అదే కుర్రాడు అదే పనిముట్టుతో అక్కడే నొక్కాడు. దిగలేదు. ఇంకోసారి, ఇంకాస్త బలంగా నొక్కి, కాగితం మీద సంతకం పెట్టాడు.

అప్పటికి మన ఊళ్లో అర్ధరాత్రి దాటింది. అయినా నాన్నకు ఫోను చేశాను. పాసైందని చెబితే బాగుందనలేదు. “ఫోను గడప దగ్గర పెట్టి కొట్టు” అన్నారు. కొట్టాను. ఖంగుమంది. ఒక్క క్షణం ఆగి, “రెండో వైపు కూడా కొట్టు” అన్నారు.