కోనన్ కామిక్‌లో మన వినాయకుడు

కోనన్ అనే కత్తివీరుడి అమెరికన్ కామిక్ 'కోనన్ ద బార్బేరియన్' నాలుగో సంచిక, 1971 నాటిది, మొన్న మళ్ళీ తీసి చదివా. మా మామయ్య నెల్లూరు నుంచి మద్రాసు పోయినప్పుడల్లా మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు గాలించేవాడు, 1985లో ఆ మార్కెట్ కాలిపోకముందు మా ఇంటికి చేరిన వాటిలో ఇదొకటి. అట్ట చీకిపోయింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి.

రాబర్ట్ హోవార్డ్ రాసిన 'ద టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్' 1933లో వియర్డ్ టేల్స్ పత్రికలో వచ్చింది. దాన్ని ఈ సంచిక కోసం రాయ్ థామస్ కామిక్‌గా రాస్తే బారీ స్మిత్ బొమ్మలేశాడు. యారా అనే మాంత్రికుడి బురుజులో మణి ఉందని విని కుర్రదొంగ కోనన్ గోడ దూకుతాడు. తోటలో సింహాలు, పైన రాకాసి సాలెపురుగు, దాని విషానికి తోటిదొంగ చావడం, అంతా చకచకా అయిపోతుంది. చందమామ సీరియల్స్ మీద పెరిగినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

అసలు కథ ఆ తర్వాతి గదిలో ఉంది. ఏనుగు తల, మనిషి ఒళ్ళు. విగ్రహమేమో అనుకుంటాడు కోనన్, ఇంతలో తొండం కదులుతుంది. కళ్ళు పోయాయి, ఒంటినిండా కాల్చిన మచ్చలు, ఆ చూపులేని కళ్ళలోంచే నీళ్ళు. వేరే గ్రహం నుంచి రెక్కలతో ఎగిరొచ్చిన యాగ్-కోషా అట, మంత్రవిద్య నేర్పిన పాపానికి శిష్యుడు యారాయే బంధించి హింసిస్తున్నాడు. అమెరికా పిల్లలకి ముందు భయం, తర్వాత జాలి పుట్టాలని రాసుంటారు. మనకి మొదటి బొమ్మలోనే కడుపులో దేవినట్టవుతుంది, ఎందుకంటే మనకి ఏనుగు తల అంటే రాక్షసుడు కాదు కదా! అప్పట్లో ఆ పేజీ చూసి మా అవ్వ, "అబ్బయ్యా, వినాయకుణ్ణి అట్టా హింస పెట్టుండారేందిరా" అని పుస్తకం లాక్కుని కళ్ళకద్దుకుంది. పక్క బొమ్మలో కత్తి పట్టుకున్న గోచీవాడికి కూడా దణ్ణం దక్కింది.

మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది, ఇక్కడ మాంత్రికుడే మణిలోకి పోతాడు. యాగ్-కోషా తన గుండె తానే కోయించుకుని, ఆ రక్తం మణి మీద పిండమంటాడు, ఆ మణి ముందు యారా చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయి అందులో పడతాడు. బురుజు కూలుతుంది, కోనన్‌కి చిల్లిగవ్వ దక్కదు.

ఇదే కథని 1977లో జాన్ బుసెమా, ఆల్ఫ్రెడో అల్కాలా నలుపు తెలుపులో మళ్ళీ గీశారు. అది బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను, కానీ అందులో కోనన్ కొండలాగుంటాడు. స్మిత్ గీసిన బక్కోడైతేనే ఆ గదిలో భయపడ్డాడంటే నమ్ముతాం. మా తమ్ముడు ఒప్పుకోడు, వాడికి కండలుంటేనే కోనన్.