తిరుగు దారి తెలిశాకే ప్రాక్టికల్ గట్టెక్కాను

ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడ్ ఫలితాలు వచ్చాయి. రెండో ప్రయత్నంలో ప్రాక్టికల్ పాసయ్యాను. ఆ మాట అమ్మతో చెప్పినప్పుడు గొంతు వణికింది. ప్రాక్టికల్‌లో పాసవడానికి కావలసిన 60 శాతం తెచ్చుకోవడం ఎంత బరువో మీకు విడమరచి చెప్పనక్కరలేదు. థియరీ, లెక్కలు, డ్రాయింగ్ నేను మొదటిసారే గట్టెక్కిన గండాలు. వాటి సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. నా అనుభవమంతా ఒక పాత కారు చుట్టూ తిరుగుతుంది.

ముందు నిరుటి ఓటమి. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఇంజిన్ ఆగిపోతోంది, కారణం కనుక్కోమన్నారు. బానెట్ ఎత్తడమే ఆలస్యం, స్క్రూడ్రైవర్ తీసుకొని, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ మీది ఐడిల్ స్క్రూ బిగించాను. ఇంజిన్ ఆగకుండా నడిచింది. ఎగ్జామినర్ హెడ్‌లైట్లు వేయమన్నారు. వేయగానే ఇంజిన్ ఊగిపోయి చప్పున ఆగింది. ఆయన కోప్పడలేదు. ఒకే ప్రశ్న అడిగారు: "బల్బు దాకా వెళ్లిన కరెంటు బ్యాటరీకి ఏ దారిన తిరిగి వస్తుంది?" ఎర్త్ ద్వారా అన్నాను. "ఆ ఎర్త్ ఈ బండిలో ఎక్కడుందో చూపించు" అన్నారు. చూపించలేకపోయాను. ప్రశ్నల పుస్తకం మొత్తం కంఠస్థం చేసినవాడిని, ఇంజిన్‌నూ బాడీనీ బ్యాటరీతో కలిపే ఎర్త్ పట్టీ ఎదురుగానే ఉన్నా గుర్తుపట్టలేకపోయాను.

అదే సమయంలో పి.గన్నవరం దగ్గర లంకలో ఉండే మా మేనమామ 1998 మోడల్ మారుతి 800 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఆ కారు కొన్ని రోజులు నీళ్లలో నిలబడిందట. దానికి మూడు జబ్బులు. రివర్స్ గేర్ గరగరమని అరుస్తూ పడేది. ఐడ్లింగ్ ఒకసారి అమాంతం పెరిగిపోయేది, ఇంకోసారి లైటు వేస్తే చాలు ఇంజిన్ ఆగిపోయేది. సెల్ఫ్ బద్ధకంగా తిరిగేది. ఒక మెకానిక్ గేర్‌బాక్స్ దించాలన్నారు, ఇంకొకరు కార్బురేటర్ మార్చాలన్నారు, మూడో ఆయన బ్యాటరీ వేయించారు. కొత్త బ్యాటరీతోనూ సెల్ఫ్ అలాగే మూలిగింది.

నేను మొదట మూడు జబ్బులనూ మూడుగానే చూశాను. కార్బురేటర్‌లో ఐడ్లింగ్‌కు పెట్రోలు వదిలే స్లో జెట్ ఊదాను, వాక్యూమ్ గొట్టాలు మార్చాను, క్లచ్ పెడల్‌కు ఉండాల్సిన వదులు (ఫ్రీ ప్లే) సరిచేశాను. రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మామయ్య వరసగా సెల్ఫ్ కొడుతుంటే నా చెయ్యి క్లచ్ కేబుల్‌కు తగిలింది. చురుక్కుమంది. పొయ్యి మీద గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కున్నాను. కదలని కేబుల్ వేడెక్కడం ఏమిటని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. మామయ్య బడికి పెద్దగా వెళ్లలేదు, వరి రైతు. ఆయన అన్నారు: "మురుగు కాలువ పూడిపోయిందిరా అబ్బాయ్. బోదెలో వచ్చిన నీరు ఎటో ఒక వైపు పోవాలిగా, పక్క చేలో పడింది."

మిత్రులారా, ఎగ్జామినర్ అడిగిన ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు వంద ఆంపియర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. అది ఇంజిన్ నుంచి ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. పట్టీ చెడిపోతే ఇంజిన్‌నూ బాడీనీ కలిపే ఇనుప తీగలేవి ఉంటే వాటి గుండా వస్తుంది. అవే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. వేడికి వాటి లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి పట్టేసింది. క్లచ్ పూర్తిగా విడవక రివర్స్ అరిచింది, యాక్సిలరేటర్ వెనక్కి రాక ఐడ్లింగ్ పెరిగింది. ఇక ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉన్నది ఇంజిన్ మీదే కాబట్టి, దాని కరెంటుకూ దారి సరిగా లేక లైటు వేస్తే వోల్టేజి పడిపోయింది.

మర్నాడు మల్టీమీటర్‌తో రుజువు చేసుకున్నాను. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ మీది హైటెన్షన్ వైరు ఊడదీసి ఎర్త్‌కు ఆనించాను, ఇంజిన్ అంటుకోకుండా. ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. అర వోల్టు మించకూడని చోట 2 వోల్టులు దాటింది. పట్టీ విప్పితే కొస కింద పచ్చటి చిలుము. బాడీ రేకు మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ, రెండు కేబుళ్లు వేసి, ఐడ్లింగ్ నిమిషానికి 850 చుట్ల దగ్గర పెట్టాం. మూడు జబ్బులూ పోయాయి. గేర్‌బాక్స్ దించనే లేదు.

గేర్‌బాక్స్ దించమనే ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. మెత్తగా పడి, ఇంజిన్ నడిచేటప్పుడే అరిస్తే అనుమానం క్లచ్ మీద. క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ అరిస్తే క్లచ్ విడవడం లేదని అర్థం. ఏదో ఒక ముందు గేరు మాత్రమే గరగరమంటే అప్పుడు గేర్‌బాక్స్‌లో గేరు మెత్తగా పడేలా వేగాలు కలిపే సింక్రోనైజర్ రింగు గురించి ఆలోచించండి.

ఏడాది పాడుచేసుకున్నాడని మా వీధిలో అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఏడాది రోజూ ఉదయం ఐదింటికి లేచి, ఏ బండి చూసినా కొలిచిన అంకె నోటుపుస్తకంలో రాశాకే పానా పట్టుకున్నాను. ఒక్కరోజూ తప్పలేదు. తప్పినవాళ్లు కోచింగ్ మారుస్తున్నారు, పుస్తకాలు మారుస్తున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు చెయ్యి మార్చుకోండి. కొలవకుండా స్క్రూ తిప్పే అలవాటు మానండి. ఇది కఠినంగా అనిపిస్తే క్షమించండి, నేను ఆ స్క్రూ తిప్పే తప్పాను.

ఈసారి సెల్ఫ్ బద్ధకంగా తిరిగే బండి వచ్చింది. మీటరు కొన బ్యాటరీ పోస్టు మీద పెట్టగానే, దాన్ని పట్టుకుని ఉండే వైరు క్లాంపు మీద ఎందుకు పెట్టలేదని ఎగ్జామినర్ అడిగారు. పోస్టుకూ క్లాంపుకూ మధ్య మురికి ఉంటే ఆ నష్టం కూడా లెక్కలోకి రావాలి కదా అన్నాను. ఆయన తల ఊపి రాసుకున్నారు.

ఇక థియరీకి పాత ప్రశ్నలు చాలు. డ్రాయింగ్‌కు నా దగ్గర కొత్త చిట్కా ఏదీ లేదు, రోజుకొక షీటు వేశాను.