ఫాలికల్స్ ఉన్నాయి, అండాలు లేవు

ఐవీఎఫ్ కోసం అండాలు తీశాక, మత్తు వదలగానే "ఎన్ని వచ్చాయి?" అని అడిగాను. మా ఆయన మాట్లాడలేదు. చివరికి డాక్టరమ్మే చెప్పారు, ఒక్క అండమూ దొరకలేదని.

స్కానింగ్‌లో 18 మిల్లీమీటర్లు దాటిన ఫాలికల్స్, అంటే అండం పెరిగే నీటి సంచులు, నల్లగా, గుండ్రంగా నా కళ్లకే కనిపించాయి. మరి లోపల ఏమీ లేకపోవడమేంటి? దీన్ని ఎంప్టీ ఫాలికల్ సిండ్రోమ్ అంటారట. అండం ఫాలికల్ గోడను అంటుకుని ఉంటుంది. ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డాకే పక్వమై వదులవుతుంది. అందుకే 34 నుంచి 36 గంటల తర్వాత తీస్తారు. మందు పనిచేయకపోయినా, టైమ్ తప్పినా నీరే వస్తుంది.

రక్తపరీక్షలో హెచ్‌సీజీ, అంటే ఆ ఇంజెక్షన్‌లోని హార్మోన్, బాగానే ఉంది, అంటే ఇంజెక్షన్ ఒంటికి పట్టింది. మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. అర్ధరాత్రి అలారం పెట్టుకుని నా పొట్టకు పొడిచింది ఆయనే మరి! నాకు మాత్రం భయం రెట్టింపైంది. ఇంజెక్షన్‌ది కాకపోతే ఇంకెక్కడుంది లోపం?

బిల్లులో ల్యాబ్ చార్జీలు మాత్రం పూర్తిగా వేశారు. అండాలే లేనప్పుడు ఏ పిండాలను పెంచారని?

"ఎవరి దిష్టి తగిలిందో తల్లీ" అన్నారు అత్తయ్య ఫోన్లో. ఆ మాటకు కోపం కూడా రాలేదు.

వచ్చేసారి ట్రిగ్గర్ మార్చి చూద్దామన్నారు డాక్టరమ్మ. ముందు ఈ కడుపుబ్బరం తగ్గనివ్వండి మేడమ్ అన్నాను.